ముళ్ళకంచెలోని తోట

తోట అన్న మాట వినగానే తెలుగు చదువుకొన్న వానికి మామిడి కొమ్మ, కోయిల తోస్తాయి. ఉర్దూ చదువుకొన్న వానికి గులాబీ, బుల్‌బుల్, నాలుగు పాయలుగా పారే కాలువ తోస్తాయి. రెండింటిలోను నీరే ప్రధానం. నీరు లేని చోట కూడ తోట ఉంటుందనీ, దానిని చూడడానికి ఏటా లక్షల మంది టిక్కెట్టు కొనుక్కొని వెళ్తారనీ తరగతిలో చెబితే విద్యార్థులు నవ్వినారు. "ముళ్ళచెట్లకు టిక్కెట్టెందుకండీ మాస్టారూ, మా చేని గట్టు మీద ఊరికే ఉన్నవి గదా" అని వెనుక బెంచీ నుండి ఒక అబ్బాయి అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఈ వ్యాసం ఆ అబ్బాయికి సమాధానమనే అనుకోవచ్చును. వృక్షశాస్త్రం నా విద్య కాదు. నేను మాటలతో బ్రతికేవాడిని. కనుక చెట్లను వాటి పేర్ల గుండా చూస్తే చదువరులు మన్నించాలి.

నేను చెప్పిన తోట అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరంలో ఉన్నది. దానిని నేను చూడలేదు, చదివి తెలుసుకొన్నాను. ఫీనిక్స్ సోనోరన్ ఎడారిలో వెలసిన ఊరు. అక్కడ ఏడాదికి పడే వాన సగటున ఏడు అంగుళాలు. మన ఒంగోలు, గుంటూరు ప్రాంతాల వానలో ఐదవ వంతు ఉండవచ్చు. 1930 తరువాతి సంవత్సరాలలో ఊరు పెరిగి ఎడారిని ఆక్రమిస్తూ ఉంటే గుస్టాఫ్ స్టార్క్ అనే స్వీడన్ దేశీయునికి బాధ కలిగినది. ఆయన "ఎడారిని కాపాడండి" అని ఒక బోర్డు వ్రాసి, బాణం గుర్తు తన ఇంటివైపు పెట్టినాడట. అడవిని కాపాడమంటే ఎవరైనా అర్థం చేసుకొంటారు. ఎడారిని కాపాడమనడం ఆ రోజులలో వింతగానే తోచి ఉంటుంది. కాని మనుషులు కలిసినారు. గెర్ట్రూడ్ వెబ్‌స్టర్ అనే సంపన్న మహిళ తోడై ధనమూ పలుకుబడీ సమకూర్చినది. 1939లో పాపగో పార్కు అనే ఎఱ్ఱని గుట్టల నడుమ తోట తెరిచినారు. ఈనాడది 140 ఎకరాలు. అందులో ఏభై వేలకు పైగా మొక్కలున్నవి.

ఆ తోటకు రాజు సగ్వారో అనే స్తంభాకారపు జెముడు. మొలిచిన తరువాత పదేండ్లకు కూడ అది వ్రేలెడు ఎత్తు దాటదు. మొదటి కొమ్మ రావడానికి సామాన్యంగా ఏభై ఏండ్లు దాటుతాయి. నూట యాభై ఏండ్లు బ్రతికి నలభై అడుగులు పెరిగినవి కూడ ఉన్నవి. దాని ఒంటి నిండ నిలువు మడతలు. వాన పడినప్పుడు హార్మోనియం తిత్తివలె ఆ మడతలు విచ్చుకొని లోపల నీరు నింపుకొంటుంది. ఎండకాలంలో మెల్లగా ముడుచుకొంటుంది. ముల్లు అనేది నిజానికి ఆకే. నీరు ఆవిరి కాకుండా ఆకు సన్నగిల్లి ముల్లైనది, ఆకు పనిని పచ్చని కాండం పుచ్చుకొన్నది.

అంతకంటె ఆశ్చర్యమైన విషయం దాని శ్వాస. మామూలు చెట్లు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొంటాయి. ఎడారిలో పగలు తలుపు తెరిస్తే లోపలి నీరంతా పోతుంది. కనుక ఈ మొక్కలు రాత్రి చల్లబడిన తరువాత తెరుస్తాయి. తీసుకొన్న వాయువును ఒక ఆమ్లంగా మార్చి దాచుకొని, పగలు తలుపులు మూసుకొని, ఆ దాచిన దానితోనే ఎండ సహాయంతో చక్కెర వండుకొంటాయి. రాత్రి సరుకు తెచ్చి పగలు వంట చేసే సంసారం అన్నమాట.

ఈ రహస్యానికి తొలి ఆనవాలు పట్టినవారిలో ఒకడు మన తెలుగు నేలపై పని చేసినవాడు. బెంజమిన్ హైన్ అనే జర్మను దేశీయుడు ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడుగా సామర్లకోటలోని కంపెనీ తోటకు వచ్చినాడు. మన వినుకొండ దగ్గరి అగ్నిగుండాల రాగి గనుల గురించి వ్రాసినవాడు కూడ ఆయనే. మన పెరళ్ళలో కుండీలలో పెంచే రణపాల ఆకును ఆయన వేళకొకసారి నమిలి చూచినాడు. తెల్లవారుజామున పుల్లగా ఉన్నది. మధ్యాహ్నానికి ఆ పులుపు పోయినది. దానిని గురించి ఆయన వ్రాసిన లేఖ 1815లో అచ్చైనది. తరువాత కాలంలో ఎడారి మొక్కల ఈ రాత్రి శ్వాసకు శాస్త్రజ్ఞులు రణపాల కుటుంబపు పేరే పెట్టినారు. ఇంత గొప్ప సంగతి మన పెరటి ఆకులో ఉండగా దానిని మనం పుండ్లకు కట్టు కట్టడానికి మాత్రమే గుర్తుంచుకొన్నాము.

రాత్రి చల్లబడకపోతే ఏమౌతుంది? 2023 వేసవిలో ఫీనిక్సులో వరుసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 43 డిగ్రీల సెల్సియసుకు పైగా నమోదైనది. రాత్రులు కూడ వేడిగానే ఉన్నవి. ఊపిరి తీసుకొనే చల్లని వేళ దొరకక సగ్వారోల కొమ్మలు విరిగిపడినవి, కొన్ని నిలువునా కూలినవి. ఎడారి చెట్టుకు వేడి లెక్క లేదనుకొన్న వారికి అదొక పాఠం. ప్రతి మే నెలలోను పత్రికలలో రెంటచింతల ఎండ గురించి చదివే మనకు ఈ వార్త దూరపుదిగా తోచరాదు.

ఇక మన చేని గట్టుకు వద్దాము. మన కంచెలలో రెండు రకాల జెముళ్ళున్నవి. బొంతజెముడు, ఆకుజెముడు ఒక రకం. గిల్లితే తెల్లని పాలు కారుతాయి. నాగజెముడు రెండవ రకం. గిల్లితే పాలు రావు, జిగురు వస్తుంది. ఇవి చూపుకు బంధువులే గాని వంశానికి కావు. మొదటివి ఈ దేశపు మొక్కలు. రెండవది సగ్వారోకు దగ్గర చుట్టం, అమెరికా నుండి వచ్చినది. కరవు నేల రెండు వేరు వేరు వంశాలకు ఒకే రూపం నేర్పినది. ఊరికి కొత్తగా వచ్చిన మొక్కను మన రైతు చూచి, ఇది మన జెముడు వంటిదే, పడగ మాత్రం పాము పడగ అనుకొని నాగజెముడు అన్నాడు. ఉర్దూవారు నాగ్‌ఫనీ అన్నారు. రెండు భాషలవారికీ అదే పడగ కనబడినది.

ఈ నాగజెముడు వెనుక ఒక ఎఱ్ఱరంగు కథ ఉన్నది. మెక్సికోలో దీని జాతి మొక్కలపై కోచినీల్ అనే చిన్న పురుగు బ్రతుకుతుంది. దానిని ఎండబెట్టి నలిపితే చక్కని ఎఱ్ఱరంగు వస్తుంది. ఆ వ్యాపారం స్పెయిన్‌వారి చేతిలో ఉండేది. దానిని తాము చేజిక్కించుకోవాలని కంపెనీవారు 18వ శతాబ్దం చివర మద్రాసు దగ్గర సైదాపేటలో జెముడు తోట వేసినారు. 1795లో పురుగు కూడ వచ్చినది. కాని వచ్చినది తక్కువ రకం పురుగు. ఆ వ్యాపారం నిలువలేదు, పురుగు జెముళ్ళను తినివేసినది. తరువాత మరొక రకం నాగజెముడు దక్షిణాది పొలాలలో అడ్డులేకుండ ప్రాకినది. 1926లో వేరొక కోచినీల్ జాతిని తెచ్చి వదిలితే గాని అది లొంగలేదు. సర్కారు తుమ్మ కథ కూడ ఇటువంటిదే. వంటచెరకు కొరకని 19వ శతాబ్దంలో అమెరికా ఖండం నుండి తెచ్చిన చెట్టు ఈనాడు మన చెరువు గట్లను, బీళ్ళను ఎట్లా ఆక్రమించినదో చెప్పనక్కరలేదు.

ఐతే అక్కడి నుండి వచ్చినవన్నీ ముళ్ళే కావు. మన బ్రతుకు తెరువు కూడ అక్కడిదే. గుంటూరు పేరు చెబితే లోకానికి తోచే మిరప ఈ దేశపుది కాదు. పోర్చుగీసువారు రాకముందు మన వంటలో కారమంటే మిరియమే. కొత్త కాయ వచ్చినప్పుడు తెలుగు దానికి మిరియం పేరునే కొంచెం మార్చి మిరప అన్నది. ఉర్దూ మిర్చ్ మాట కూడ ఆ మిరియపు మాటే. రెండు భాషలూ అతిథికి ఇంటివాని పేరు పెట్టినవి. ఆ మిరపకు అడవి బంధువు ఫీనిక్సుకు దక్షిణంగా, సోనోరన్ ఎడారి అంచు కొండలలో నేటికీ మొలుస్తున్నది. పేరు చిల్టెపిన్. కాయ బఠాణీ గింజంత ఉండి గుండ్రంగా, నిప్పువలె ఉంటుంది. దానికెందుకంత కారం? ఎలుక తింటే గింజను నమిలి పాడుచేస్తుంది. పిట్ట తింటే గింజను మింగి చెక్కుచెదరకుండ మరొకచోట వదులుతుంది. కారం పాలిచ్చే జంతువుల నోటినే మండిస్తుంది గాని పిట్టకు తెలియదు. దక్షిణ అరిజోనాలో ఈ అడవి మిరపపైనే పరిశీలన జరిపి 2001లో ఈ సంగతిని ప్రకటించినారు. మన యార్డులో మిరప బస్తాల మధ్య తుమ్ముతూ తిరిగే మనకు, ఆ ఘాటు ఎలుకను తరిమి పిట్టను పిలిచే చెట్టు ఉపాయమని ఎవరూ చెప్పలేదు.

పత్తి సంగతి కూడ ఇంతే. మన పూర్వులు నేసిన దేశవాళీ పత్తి వేరు. ఈనాడు మన నల్లరేగడిలో పండే పత్తిలో అత్యధిక భాగం మెక్సికో ప్రాంతంలో పుట్టిన జాతికి చెందినది. దానికి దూరపు చుట్టమైన థర్బర్ పత్తి అరిజోనా కొండ వాగులలో పొదగా పెరుగుతుంది. దాని కాయలో ఒడుకుదామన్నా దూది ఉండదు. కాని 1940 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు దానిని మన దేశవాళీ జాతితోను, మెక్సికో జాతితోను సంకరం చేసి, దారపు బలాన్ని పెంచే గుణాన్ని సంపాదించినారు. దూదిలేని పత్తి దూదికి బలమిచ్చినది!

ఇది వింత కొరకు చెప్పడం లేదు. 1987-88లో తెల్లదోమ వచ్చినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తి రైతులు అప్పులపాలై ఎందరో ప్రాణాలు తీసుకొన్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మన మిరప తోటలను ఎట్లా మాడ్చినదో ఈ కళాశాలలోనే చాలమంది ఇండ్లలో తెలుసును. ఆ ఏడు ఫీజు గడువు అడగడానికి వచ్చిన ముఖాలు నాకు గుర్తున్నవి. ఒకే రకం పంట వేల ఎకరాలలో ఉన్నప్పుడు ఒకే పురుగు అంతటినీ ఊడ్చివేస్తుంది. అప్పుడు పరిశోధకులు ఎదిరించే గుణం కొరకు పాత రకాలను, అడవి బంధువులను వెదుకుతారు. మన లాం ఫారంలో పత్తి, మిరపల మీద జరుగుతున్న పనికి కూడ ఇటువంటి విత్తనాల సేకరణే మూలధనం. ఎవరికీ పనికిరాని ముళ్ళపొద అని ఒకచోట పెరికివేసినది మరొకచోట రైతు ఇంటి దీపం కావచ్చు. అమెరికా ప్రభుత్వం 1999లో ఆ అడవి మిరప కొరకే ఒక కొండ ప్రాంతాన్ని ప్రత్యేకంగా కేటాయించినది. ఎడారిని కాపాడమని స్టార్క్ వ్రాసిన బోర్డుకు ఇదొక అర్థం.

ఆ తోట మొక్కల ప్రదర్శన మాత్రమే ఐతే నేనింతగా వ్రాసేవాడిని కాను. అందులో ఒక బాట పూర్తిగా ఆ ఎడారిలో తరతరాలుగా బ్రతికిన మనుషుల కొరకు వేసినారు. టోహోనో ఓధమ్ అనే ఆదివాసులు వేసవి వానలకు ముందు పొడవైన కర్రలతో సగ్వారో పండ్లను రాల్చి పానకం కాస్తారు. ఆ కోతతోనే వారికి కొత్త సంవత్సరం, వానను పిలిచే పండుగ. మన సర్కారు తుమ్మకు అన్నదమ్ముడైన అక్కడి చెట్టు కాయలను దంచి పిండి చేసుకొంటారు. మన దగ్గర ఆ కాయ మేకకు తప్ప ఎవరికీ పట్టదు. చూడవచ్చినవారు ఆ బాటలో రోలు, రోకలి, నార, గుడిసె అన్నీ చూస్తారు. శీతకాలపు రాత్రులలో తోట దారుల వెంట కాగితపు సంచులలో దీపాలు పెట్టి సంగీతం వినిపించే ఆనవాయితీ 1978 నుండి సాగుతున్నది. 2008లోను, మరల 2013లోను డేల్ చిహూలీ అనే ప్రసిద్ధ గాజు శిల్పి పనులను జెముళ్ళ మధ్య నిలిపినారు. రంగు గాజు ముళ్ళు ఏవో, నిజం ముళ్ళు ఏవో ఒక క్షణం తెలియని విధంగా ఉన్నవా చిత్రాలు. గాజు చూడడానికి వచ్చినవాడు జెముడును కూడ చూసి పోతాడు. అది మంచి ఎత్తుగడే.

మనకు కళ లేదా? సామర్లకోటలో హైన్ కంటె ముందు పని చేసిన విలియం రాక్స్‌బర్గ్ మన కోస్తా మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేతనే వ్రాయించినాడు. ఆ చిత్రాలు 1795 నుండి 1820 వరకు లండనులో మూడు సంపుటాలుగా, మూడు వందల పలకలతో అచ్చైనవి. రాక్స్‌బర్గ్ పేరు ప్రతి వృక్షశాస్త్ర గ్రంథంలోను ఉన్నది. ఆ ఆకుల ఈనెలను అంత సూక్ష్మంగా దిద్దిన చేతుల పేర్లు పుస్తకంలో లేవు. వారు అద్దకం పనివారి నేర్పు తెలిసిన నేల మీది మనుషులని మాత్రం ఆ గీత చూస్తే అనిపిస్తుంది.

అద్దకం అన్నాను గనుక నిజాంపట్నం సంగతి చెప్పకుండ ఉండలేను. 17వ శతాబ్దంలో పెట్టపోలి అన్న పేరుతో ఐరోపావారికి తెలిసిన ఆ రేవుకు ఆంగ్లేయులు 1611లో వచ్చినారు. వారిని ఆకర్షించిన వాటిలో చిరివేరు ఒకటి. ఇసుక నేలలో నీరు లేక పెరిగే చిన్న మొక్క. ఆకు చూస్తే గడ్డి అనుకొంటాము. దాని వేరులోని ఎఱ్ఱరంగే కలంకారీ బట్టకు ప్రాణం. నేల ఎంత పేదదైతే వేరులో రంగు అంత పండుతుందని పేరు. పారసీ మాటలైన కలం, కారీ ఒక ప్రక్క, తెలుగు చిరివేరు మరొక ప్రక్క ఒకే బట్ట మీద కలిసినవి. మన కళాశాల రెండు భాషల కళాశాల గనుక ఇంతకు మించిన గుర్తు మనకు దొరకదనుకొంటాను. 1869లో ఐరోపాలో అదే రంగును రసాయనాలతో చేసి అమ్మడం మొదలైన తరువాత చిరివేరు త్రవ్వేవారు క్రమంగా ఇతర పనులకు పోయినారు. ఇప్పుడు ఆ మొక్కను చూపించమంటే చూపించగలవారు అరుదు.

ఇంకొక పేరు చెప్పవలె. మన మెట్టలలో, రాళ్ళ సందున, ఆకు లేకుండ నాలుగు పలకల కాడలతో నిలిచే చిన్న మొక్క ఉన్నది. కుందేటి కొమ్ములు అంటారు. కరవు రోజులలో పచ్చిగానే నమిలేవారు, పచ్చడి నూరేవారు. రాక్స్‌బర్గ్ దీనికి తెలుగువారు చెప్పిన పేరును కార్-అల్లం అని వ్రాసుకొన్నాడు. తరువాత రాబర్ట్ బ్రౌన్ ఆ మాటనే లాటిను చేసి కారల్లుమా అని ఒక ప్రజాతికి పేరు పెట్టినాడు. కొన్ని పుస్తకాలు ఇది అరబీ మాట అని, మాంసపు గాయమని దాని అర్థమని వ్రాస్తాయి. అరబీ మీద నాకున్న ప్రేమ తక్కువది కాదు గాని, ఈ సాక్ష్యం తెలుగు వైపే ఉన్నది; ఆ పేరులో అల్లం వినబడుతూనే ఉన్నది. ఆఫ్రికా, అరేబియా, స్పెయిన్ దేశాలలోని దాని చుట్టాలను కూడ వృక్షశాస్త్రజ్ఞులు ఆ తెలుగు పేరుతో పిలిచినారు. దాని సొంత ఊరి పిల్లలకు మాత్రం అది పేరు తెలియని పిచ్చి మొక్క.

కనుక వెనుక బెంచీ అబ్బాయికి నా సమాధానం ఇది. నీ చేని గట్టు మీద మొక్క ఊరికే ఉన్నది, నిజమే. ఫీనిక్సువారు టిక్కెట్టు పుచ్చుకొనేది మొక్కకు కాదు. దాని ప్రక్కన ఉన్న పేరుపలకకు, ఆ పలకకు వెనుక ఉన్న తెలివిడికి. మన ఊళ్ళ పేర్లే ఒకప్పుడు అటువంటి పలకలు. జిల్లెళ్ళమూడిలో జిల్లేడు, రెంటచింతలలో చింత ఇప్పటికీ వినబడుతూ ఉన్నవి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయం వెనుక ప్రహరీ వెంట ఉన్న నేలలో పచ్చిక వేయాలనే ఆలోచన ఉన్నదని విన్నాను. ఏప్రిల్ వచ్చేసరికి విద్యార్థులు చేతులు కడుక్కొనే కుళాయికే నీరుండదు. ఆ పచ్చికను దేనితో తడుపుతాము? ఆ చోటును మెట్టనేల మొక్కలకు ఇవ్వండి. తంగేడు, కలివి, రేగు, బొంతజెముడు, కాడజెముడు, రణపాల, దొరికితే చిరివేరు. దూర దేశాల నుండి ఏదీ తెప్పించనక్కరలేదు, తెప్పించకూడదు కూడ. నాగజెముడు, సర్కారు తుమ్మల పాఠం చాలును. పాలు కారే జెముళ్ళు కంటికి హాని చేస్తాయి గనుక దారికి దూరంగా ఉండాలి. ఖర్చు కంకర, కుండీలు, రేకు పలకలు. పలక మీద తెలుగు పేరు తెలుగు విభాగంవారు, ఉర్దూ పేరు ఉర్దూ విభాగంవారు, శాస్త్రీయ నామం విజ్ఞానశాస్త్ర విభాగంవారు వ్రాస్తారు. చిత్రలేఖనం వచ్చిన విద్యార్థులు నెలకొక మొక్కను గీసి క్రింద తమ పేరు వ్రాయాలి. సామర్లకోట చిత్రకారులకు దక్కనిది వీరికైనా దక్కాలి. రణపాల ఆకును తెల్లవారి ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నూరి పి.హెచ్. కాగితంతో పరీక్షిస్తే హైన్ నాలుకతో తెలుసుకొన్నది కంటితో చూడవచ్చును.

ఈ వ్యాసం వ్రాస్తుండగా మార్కాపురం వైపు నుండి వచ్చే ఒక విద్యార్థిని, తన నానమ్మ త్రవ్వి ఇచ్చినదని చెప్పి, తడిగుడ్డలో చుట్టిన కుందేటి కొమ్ములను తెచ్చి నా బల్ల మీద పెట్టినది. ఒక పగిలిన కుండలో ఇసుక, కంకర కలిపి నాటినాము. పదిహేను రోజులకు ఒకసారి నీళ్ళు పోస్తున్నాము. ఈ వారం కాడ చివర చిన్న మొగ్గ కనబడినది. పలక ఇంకా వ్రాయలేదు.